చూడని టోక్యో మీద బెంగ ఎక్కడినుంచి వస్తుంది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. జపనీస్ ఒక్క ముక్క రాదు, 1980లలో పుట్టనే లేదు, అయినా మరియా తకేఉచి ‘ప్లాస్టిక్ లవ్’, మికి మత్సుబరా ‘మయొనక నో దోర్’ వింటుంటే ఏదో పోగొట్టుకున్నట్టు ఎందుకుంటుంది? ఇదంతా యూట్యూబ్ అల్గారిథమ్ మాయేనా? కీబోర్డు మీద ఆ ధ్వని రావాలంటే ఏం చెయ్యాలి?

మొదటి రెంటికీ కలిపి జవాబు: ఆ బెంగ తర్వాత అంటుకున్నది కాదు. పాటలు కొత్తగా బజారుకొచ్చిన రోజునే అది వాటిలో ఉంది. రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, అట్ట మీద బొమ్మ వేసినవాళ్లు అప్పటికే చేతికందని దేన్నో తలుచుకుంటూ పనిచేశారు. అల్గారిథమ్ దాన్ని మన గుమ్మం దాకా మోసుకొచ్చింది, అంతవరకే దాని గొప్ప.

ముందు తేదీల గొడవ తేల్చుకోవాలి. ఈ పాటల కోవను ఇప్పుడు సిటీ పాప్ అంటున్నారు. దాని గురించి ఏ వ్యాసం తెరిచినా ‘జపాన్ బబుల్ కాలపు విలాస సంగీతం’ అనే ముక్క కనిపిస్తుంది. బబుల్ అంటే ఆస్తుల ధరలు బుడగలా ఉబ్బిన రోజులు. యెన్ విలువను పైకి నెట్టిన ప్లాజా ఒప్పందం 1985 సెప్టెంబరు నాటిది. భూముల ధరలు, షేర్లు పిచ్చిగా ఎగబాకింది ఆ తర్వాతే. నిక్కీ సూచీ 38,915 దగ్గర శిఖరం తాకింది 1989 డిసెంబరు 29న. ఇప్పుడు జనం ప్రాణం పెడుతున్న రికార్డులు చూడండి: తయెకో ఓనుకి ‘సన్‌షవర్’ 1977. ‘మయొనక నో దోర్’ 1979 నవంబరు. ఎయిచి ఓతకి ‘ఎ లాంగ్ వెకేషన్’ 1981 మార్చి. తత్సురో యమషిత ‘ఫర్ యూ’ 1982 జనవరి. అన్రి ‘టైమ్లీ’ 1983. ‘ప్లాస్టిక్ లవ్’ ఉన్న ‘వెరైటీ’ ఆల్బమ్ 1984 ఏప్రిల్. ఒక్కటీ బబుల్‌లోది కాదు, అన్నీ దానికి ముందువే. అంటే ఇవి డబ్బు చేసిన దేశం పాడుకున్న పాటలు కావు. డబ్బు వస్తోంది, ఇంకా రాలేదు అన్న రోజుల్లో, ఇరుకు అద్దెగదుల్లో ఉండే కుర్రకారు కోసం తయారైన పాటలు. ఈత కొలను, సముద్రపు ఒడ్డున హోటలు, పైకప్పు లేని కారు వాళ్ల బతుకులో ఉన్నవి కావు, కావాలనుకున్నవి. పాటలో వినిపించేది ఆ కోరిక. కోరికకూ బెంగకూ మధ్య దూరం పెద్దగా ఉండదు, చెవికి అసలే తెలియదు.

ఈ సంగీతం వేళ్లు ‘హ్యాపీ ఎండ్’ అనే నలుగురి బృందంలో ఉన్నాయి. హరుఓమి హొసోనో, ఎయిచి ఓతకి, తకషి మత్సుమోతో, షిగెరు సుజుకి. అమెరికన్ రాక్‌ను జపనీస్ మాటలతో పాడొచ్చని 1971లో ‘కజెమచి రోమన్’ ఆల్బమ్‌తో నిరూపించి, కొద్దికాలానికే విడిపోయారు. విడిపోవడమే మేలైంది. హొసోనో, సుజుకి వాయిద్యకారులుగా అందరి రికార్డుల్లోకీ వెళ్లారు. మత్సుమోతో డ్రమ్స్ వదిలేసి పాటల రచయిత అయ్యాడు. ఓతకి సొంత లేబుల్ పెట్టి, దాని మీద 1975లో ‘షుగర్ బేబ్’ అనే కుర్ర బృందం ఆల్బమ్ తెచ్చాడు. ఆ బృందంలోనే యమషిత, ఓనుకి ఉన్నారు. ఇప్పుడు మనం సిటీ పాప్ అంటున్న దానిలో మంచి వాటా ఈ ఒక్క స్నేహబృందం చుట్టూ తిరిగినదే.

‘ఎ లాంగ్ వెకేషన్’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు మొత్తం ఆ ఒక్క రికార్డులో ఉంది. ఓతకి 1948లో పుట్టాడు. అతని చెవిలో నాటుకుపోయినవి 1960ల తొలి నాళ్ల అమెరికన్ పాప్ పాటలు. అప్పట్లో ఫిల్ స్పెక్టర్ అనే నిర్మాత ఒకే గదిలో నాలుగైదు గిటార్లు, రెండు మూడు పియానోలు కలిపి ఒకేసారి వాయింపజేసి, దానికి ప్రతిధ్వని దట్టించి, ఏ వాయిద్యం ఏదో తెలియని గోడలాంటి ధ్వని చేసేవాడు. ఓతకి టోక్యో స్టూడియోలో అదే పద్ధతి మళ్లీ చేశాడు. 1981లో, ఇరవై ఏళ్లనాటి, వేరే దేశపు ధ్వనిని! అంటే ఆ రికార్డు పుట్టినప్పుడే పాతది.

సాహిత్యం మత్సుమోతోది. పాటలు రాయాల్సిన సమయానికి అతని చెల్లెలు చనిపోయింది. రాయలేను, వేరేవాళ్లను చూసుకో అన్నాడు. ఓతకి ఒప్పుకోలేదు, రికార్డు ఆలస్యమైనా సరే నువ్వు రాసేదాకా ఆగుతానన్నాడు. చెల్లెలు పోయాక వీధిలో నడుస్తుంటే లోకమంతా రంగు వెలిసి నలుపు తెలుపుగా కనిపించిందని మత్సుమోతో తర్వాత చెప్పాడు. ఆల్బమ్‌లో మొదటి పాట ‘కిమి వా తెన్నెన్‌షొకు’ జ్ఞాపకం నలుపు తెలుపుగా ఉంది, దానికి రంగు వెయ్యమని అడుగుతుంది. పైకి అది వేసవి సెలవుల పాట. పియానోలు గలగలమంటూ, మెరుస్తూ నడుస్తుంది. జపనీస్ రానివాళ్లకు లోపలి సంగతి తెలిసే దారి లేదు. కానీ బాణీకి, మాటకు మధ్య ఉన్న ఆ ఎడం పాడేవాడి గొంతులోకి వస్తుంది. ఓతకి ఎక్కడా గొంతు పెంచడు, సన్నగా, కాస్త వెనక్కి జరిగి పాడతాడు.

ఆ అట్ట మీద బొమ్మ హిరోషి నగాయిది. నీలం కొలను, ఖాళీ కుర్చీలు, తాటిజాతి చెట్లు, మబ్బు లేని ఆకాశం. మనిషి లేడు. ఇప్పుడు సిటీ పాప్ ప్లేలిస్టులన్నిటికీ పెట్టే బొమ్మలు ఈ ఒక్క బొమ్మకు మనవలే. మనిషి లేని సెలవుల చోటు చూస్తే ‘అందరూ వెళ్లిపోయారు’ అనైనా అనిపిస్తుంది, ‘నేను వెళ్లాల్సింది’ అనైనా అనిపిస్తుంది. రెండూ ఈ సంగీతానికి పనికొచ్చే భావాలే. యమషిత ‘ఫర్ యూ’ అట్ట వేసిన ఎయిజిన్ సుజుకి దారీ దాదాపు ఇదే, కాకపోతే గీత ఇంకా పదును.

ఇంకో ఉదాహరణతో ఈ సంగతి ముగిస్తాను. యుమి అరాయి 1976లో ‘చూఓ ఫ్రీవే’ పాడింది. టోక్యో నుంచి పడమటికి వెళ్లే చూఓ ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు ప్రయాణం. దారిలో కుడివైపు గుర్రప్పందేల మైదానం, ఎడమవైపు బీరు ఫ్యాక్టరీ అని పాటలోనే ఉంటుంది. ఊరి శివార్ల గుండా పోయే మామూలు రోడ్డది. దాన్ని రాత్రిపూట కాలిఫోర్నియా చేసింది పాటే.

ఇక స్వరాల సంగతి. అసలు సరుకు ఇక్కడుంది.

సి మేజర్‌లో ఉన్నామనుకుందాం, అంటే సి మన షడ్జం. ఎఫ్ మేజర్ 7 కార్డులో (కార్డు అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపు) నాలుగు స్వరాలు: ఎఫ్, ఏ, సి, ఈ. కింది మూడు పట్టుకుంటే ఎఫ్ మేజర్, నవ్వుముఖం. పై మూడు పట్టుకుంటే ఏ మైనర్, దిగులుముఖం. ఒకే కార్డులో రెండూ ఒకేసారి మోగుతాయి. చెవి ఏదీ తేల్చుకోదు. సంతోషమో దుఃఖమో తెలియని ఆ స్థితికి సగం కారణం ఈ మేజర్ 7 కార్డే. మామూలు పాప్ పాటలో ఇది ఎప్పుడో ఒకసారి వస్తుంది, ఇక్కడ అదే నేల.

ఆ కార్డులు నడిచే వరుస మరో కారణం. ఎఫ్ మేజర్ 7, ఈ 7, ఏ మైనర్ 7, చివరి బార్‌లో (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) సగం జి మైనర్ 7, సగం సి 7, మళ్లీ ఎఫ్ మేజర్ 7. గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్, బిల్ విథర్స్ కలిసి 1980లో తెచ్చిన ‘జస్ట్ ద టూ ఆఫ్ అజ్’ ఈ వరుస మీదే ఉంది. జపాన్ సంగీతకారులు ఇప్పటికీ దీన్ని ఆ పాట పేరుతోనే పిలుస్తారు. ఇందులో కిటుకు ఏమిటంటే, షడ్జం మీద విశ్రాంతి దొరకదు. సి కార్డు వస్తుంది కానీ 7 తగిలించుకుని వస్తుంది, కాబట్టి కూర్చోకుండా మళ్లీ ఎఫ్ వైపు తోస్తుంది. పాట నాలుగు నిమిషాలూ ఇంటి చుట్టూ తిరుగుతుంది గానీ లోపలికి అడుగుపెట్టదు. జపాన్‌లో ‘రాజమార్గం’ అని పేరుపడ్డ ఎఫ్, జి, ఈ మైనర్, ఏ మైనర్ వరుసా అంతే: జి తర్వాత సి రావాలని చెవి ఎదురు చూస్తుంటే ఈ మైనర్ వస్తుంది.

మూడోది ఇంకా చిన్న పనిముట్టు. బాస్‌లో జి పట్టుకుని, పైన ఎఫ్ మేజర్ కార్డు. మామూలు జి 7లో బి స్వరం ఉంటుంది, అది సి వైపు గట్టిగా లాగుతుంది. ఈ ఎఫ్/జి కార్డులో బి లేదు. లాగుడు ఉండదు, తేలిపోతున్నట్టు ఉంటుంది. కోరస్‌కు, అంటే పల్లవిలా తిరిగొచ్చే భాగానికి ముందు ఒక బార్ ఇది వాయించి చూడండి, ‘అరె, ఇదే!’ అనుకుంటారు.

మన చెవికి దగ్గరయ్యే సంగతి ఒకటుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. జపాన్ జనం పాటల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక మేజర్ స్కేలులో నాలుగు, ఏడు స్వరాలు ఉండవు. మిగిలేవి స రి గ ప ద, అంటే మన మోహన. సిటీ పాప్ రచయితలు పాత జపాన్ పాట వాసన వద్దనుకున్నా, పాడే వరుసలో ఆ అలవాటు చాలాచోట్ల మిగిలింది. అన్ని పాటల్లోనూ అనను. కానీ మోహన స్వరాలను జాజ్ కార్డుల మీద పెడితే ఏం జరుగుతుందో చూడండి. గ (ఈ) ఎఫ్ మీద పడితే మేజర్ 7 అవుతుంది. రి (డి) సి మీద పడితే 9, అంటే మూలస్వరం నుంచి తొమ్మిదోది అవుతుంది. ప (జి) ఎఫ్ మీద పడినా 9. పాడేవాడు ఎవరైనా కూనిరాగం తియ్యగల ఐదు స్వరాలే పాడుతున్నాడు, కింద కార్డు ఆ స్వరానికి బరువు మారుస్తోంది. మొదటిసారి విన్నా ఎప్పుడో విన్నట్టు ఉండటానికి ఇదొక గట్టి కారణం. వరుస నిజంగానే తెలిసినదే, కింద నేల కొత్తది.

మాటల విషయం త్వరగా చెప్పేస్తాను. ‘ప్లాస్టిక్ లవ్’లో మనసు విరిగిన ఆడమనిషి ఇకమీదట ప్రేమంటే ఆటే అని తీర్మానించుకుని రాత్రుళ్లు డిస్కోలో గడుపుతుంది. ‘మయొనక నో దోర్’లో వదిలి వెళ్లిపోయినవాణ్ని తలుచుకుంటూ కూర్చుంటే, రికార్డు మీద ముల్లు అదే వరుసను మళ్లీమళ్లీ తిప్పుతుంది. రెండూ కాలు కదిపే తాళంలో ఉన్నాయి. యొషికో మియురా రాసిన ఈ రెండో పాటకు బాణీ తెత్సుజి హయషిది. ఇంగ్లిష్ ముక్కను కోరస్ మొదట్లోనే పెట్టడంతో భాష రానివాళ్లకు పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరికింది. 2020 చివర్లో టిక్‌టాక్‌లో పాకిపోయిందీ ఆ ముక్కతోనే. మత్సుబరా అది చూడలేదు, 2004లోనే, 44 ఏళ్లకే పోయింది.

ఈ పాటలు జనం దగ్గరికి వెళ్లిన దారి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1979 జులై 1న సోనీ వాక్‌మన్ వచ్చింది, ధర 33,000 యెన్‌లు. 1980లో టోక్యో శివార్లలోని మితకాలో రికార్డులు అద్దెకిచ్చే దుకాణం మొదలైంది. ఎల్‌పీ ఒక రాత్రికి తెచ్చుకుని, క్యాసెట్‌లోకి ఎక్కించుకుని, మర్నాడు తిరిగిచ్చేవాళ్లు. ఎఫ్ఎం రేడియోలో ఏ పాట ఎప్పుడొస్తుందో ముందే అచ్చువేసే పత్రికలుండేవి. 1981లో వచ్చిన ‘ఎఫ్ఎం స్టేషన్’ అయితే ఎయిజిన్ సుజుకి బొమ్మలతో కత్తిరించుకునే క్యాసెట్ లేబుళ్లు కూడా ఇచ్చేది. యమషితకు మొదటి పెద్ద హిట్ ‘రైడ్ ఆన్ టైమ్’ 1980లో మ్యాక్సెల్ క్యాసెట్ల ప్రకటనలో వచ్చిన పాట. అంటే క్యాసెట్టు అమ్మడానికి వాడిన పాటను జనం క్యాసెట్లో ఎక్కించుకుని కార్లో విన్నారు.

ఈ చోట మనకూ ఒక చుట్టరికం ఉంది. అవే జపాన్ ఫ్యాక్టరీల సరుకు మన ఇళ్లకూ వచ్చింది. గల్ఫ్ వెళ్లినవాళ్లు కరీంనగర్‌కో, కడపకో, కోనసీమకో తెచ్చిన నేషనల్ పానసోనిక్ టూ ఇన్ వన్, సోనీ, టీడీకే క్యాసెట్లు, పాటల చీటీ ఇస్తే రికార్డు చేసిచ్చే బడ్డీలు. రోలాండ్, యమహా కీబోర్డులు మద్రాసు రికార్డింగ్ థియేటర్లలోకి వచ్చింది కూడా ఆ దశకంలోనే. కాబట్టి సిటీ పాప్‌లోని ఎలక్ట్రిక్ పియానో, కోరస్ ఎఫెక్ట్‌తో ధ్వనిని అలలాడించిన గిటారు, సింథ్ తీగవాద్యాలు మనకు పూర్తిగా పరాయివి కావు. కెరల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఇరవై ఏళ్ల అమెరికన్ విద్యార్థులకు తమ తల్లిదండ్రుల యవ్వనకాలపు పాటలతోనూ గట్టి అనుబంధం కనిపించింది. మన అమ్మానాన్నలు యమషితను వినలేదు, నిజమే. కానీ ఆ వాయిద్యాల ధ్వనిని విన్నారు. ఇది నా ఊహ, కొలిచి చూపించిన సంగతి కాదు.

అల్గారిథమ్ దగ్గరికి వద్దాం. ‘ప్లాస్టిక్ లవ్’ 1985లో సింగిల్‌గా వచ్చినప్పుడు జపాన్ అమ్మకాల పట్టిక ఒరికాన్‌లో 86వ స్థానం దగ్గర ఆగిపోయింది. 2017 జులైలో ఒక అభిమాని యూట్యూబ్‌లో పెట్టిన వీడియోతో ప్రపంచమంతా తిరిగింది. అందులో నవ్వుతున్న తకేఉచి ఫొటో ఆ పాటది కాదు. 1980లో వచ్చిన ‘స్వీటెస్ట్ మ్యూజిక్’ అనే వేరే సింగిల్ కోసం అలన్ లెవెన్సన్ తీసినది. ఫొటో హక్కుల గొడవతో వీడియో కొంతకాలం మాయమైంది కూడా. అంతకుముందే ఫ్యూచర్ ఫంక్ అనే ఇంటర్నెట్ సంగీతం ఈ పాటలను ముక్కలు కోసి, వేగం పెంచి, పాత యానిమే దృశ్యాలతో కలిపి తిప్పుతోంది. కొరియన్ నిర్మాత నైట్ టెంపో ‘ప్లాస్టిక్ లవ్’ రీమిక్స్ 2016ది. ఆ వీడియోల్లో ఎక్కువగా కనిపించే ‘సెయిలర్ మూన్’ 1992లో మొదలైంది, ఈ పాటల కాలం అప్పటికే దాటిపోయింది. వీహెచ్‌ఎస్ గీతలు, రంగు కారిపోయిన బొమ్మ, టేపు బుస, ఇవన్నీ అప్పుడు తగిలించినవి.

ఈ పూతను అసలు రంగు అనుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఈ రికార్డులు ఆనాటికి అత్యంత శుభ్రమైన, ఖరీదైన రికార్డింగులు. 1982 అక్టోబరు 1న సోనీ ప్రపంచంలో మొదటి సీడీ ప్లేయర్‌ను అమ్మకానికి పెట్టిన రోజున వచ్చిన తొలి సీడీల్లో ‘ఎ లాంగ్ వెకేషన్’ ఒకటి. దాని కేటలాగ్ నంబరు 35డీహెచ్ 1. మొదటి రెండంకెలు ధర, అంటే 3,500 యెన్‌లు. ఎల్‌పీ నంబరు 27ఏహెచ్ 1234, ధర 2,700. కొత్త యంత్రం గొప్ప చూపించడానికి ఎంచుకున్న ధ్వని అది. దానికి బుస కలపడం పట్టుచీరకు కావాలని మరక వేయడమే.

ఇప్పుడు మీ కీబోర్డు. డీఏడబ్ల్యూలో (కంప్యూటర్ మీద పాట రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) టెంపో 100 నుంచి 112 మధ్య పెట్టండి. ‘ప్లాస్టిక్ లవ్’ వందకు కాస్త పైన నడుస్తుంది. ధ్వనికి రోడ్స్ రకం ఎలక్ట్రిక్ పియానో. యమహా డీఎక్స్7 గంటల్లాంటి పియానో ధ్వని కావాలంటే వాడుకోవచ్చు, కానీ ఆ యంత్రం వచ్చింది 1983లో. అంతకుముందటి రంగు కావాలంటే రోడ్స్ చాలు.

ఎడమచేత్తో మూలస్వరం ఒక్కటే వాయించండి. కుడిచేత్తో మూలస్వరం వదిలేసి నాలుగు స్వరాలు:

ఎఫ్ మీద: ఏ, సి, ఈ, జి.
ఈ మీద: జి షార్ప్, సి, డి, జి.
ఏ మీద: జి, బి, సి, ఈ.
జి మీద: ఎఫ్, ఏ, బి ఫ్లాట్, డి.
సి మీద: ఈ, ఏ, బి ఫ్లాట్, డి.

చివరి రెండూ పక్కపక్కన చూడండి. కుడిచేతిలో ఎఫ్ ఒక్కటి ఈ కి జారింది, మిగతా మూడు వేళ్లూ కదలలేదు. కార్డు మొత్తం మారింది. మొదటి రెంటిలోనూ సి, జి కదలవు. చెయ్యి కీబోర్డు మీద గెంతకుండా ఇలా అంగుళం అంగుళం జరగడమే ఆ మృదుత్వానికి మూలం. మూలస్వరం కుడిచేతిలోనూ కలిపి, కార్డు మారినప్పుడల్లా మణికట్టు ఎత్తి వేస్తే అవే స్వరాలు ప్రార్థనాగీతంలా బరువుగా మోగుతాయి. చాలామందికి ‘కార్డులు సరిగ్గానే ఉన్నాయి, ఆ ఫీల్ రావట్లేదు’ అనిపించేది ఇందుకే.

కార్డును బార్ మొదటి దెబ్బ మీద కాకుండా అర దెబ్బ ముందే వెయ్యండి, ముఖ్యంగా రెండో, నాలుగో బార్లలోకి వెళ్లేటప్పుడు. డ్రమ్స్‌లో హై-హ్యాట్ పదహారు భాగాలుగా, స్నేర్ రెండు, నాలుగు దెబ్బల మీద, అలంకారాలు తక్కువ. క్వాంటైజ్ (దెబ్బలను తాళం గీత మీదికి సర్దే సదుపాయం) నూటికి నూరు చెయ్యకండి, 60-70 శాతం దగ్గర ఆపండి. అయితే 1982లో హిరోషి సతో ‘అవేకెనింగ్’ ఆల్బమ్‌లో లిన్‌డ్రమ్ అనే డ్రమ్ యంత్రాన్నే వాడాడు. యంత్రం బిగుతు కావాలనుకుంటే డ్రమ్స్ ఒక్కటీ బిగించి, బాస్, పియానో వదులుగా ఉంచండి. అన్నీ బిగిస్తే కాలర్ ట్యూన్ అవుతుంది.

బాస్‌లో స్లాప్ (తీగను బొటనవేలితో కొట్టడం) ఎక్కువ పెట్టడం కొత్తవాళ్లందరూ చేసేదే. యమషిత ‘ఫర్ యూ’లో కోకి ఇతో బాస్, జున్ అఒయమ డ్రమ్స్ జాగ్రత్తగా వినండి. బాస్ ఎక్కువసేపు వేళ్లతోనే, మధ్యమధ్య ఎనిమిది స్వరాల పైకి ఒక్క గెంతు, దాని పక్కన అదిమిపెట్టిన చప్పుడు. అంతే. గిటారు మీద అదే ఆల్బమ్‌లోని ‘స్పార్కిల్’ పాట తరహా కటింగ్ (తెగ్గొట్టి మీటడం) కావాలంటే పై మూడు నాలుగు తీగలే వాడి, కుడిచెయ్యి పదహారు భాగాల్లో ఆగకుండా కదుపుతూ, ఎడమచెయ్యి నొక్కడం వదలడంతోనే మోత, మౌనం చెయ్యాలి. కుడిచెయ్యి ఆగిందా, తాళం అక్కడే కుంటుతుంది. డిస్టార్షన్ వద్దు. యమషిత వాయించేది టెలికాస్టర్, ధ్వని ఎండలా తేటగా ఉంటుంది. కోరస్ ఎఫెక్ట్ వేస్తే రేటు 0.5 నుంచి 0.8 హెర్ట్జ్, అంతకు మించితే నీళ్లలో ముంచినట్టుంటుంది.

గొంతుకు ప్లేట్ రకం రివర్బ్ (ప్రతిధ్వని), 1.5 నుంచి 2 సెకన్లు, ప్రీడిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు ఎడం) 20-40 మిల్లీసెకన్లు. రివర్బ్ తిరిగొచ్చే ట్రాకులో 200 హెర్ట్జ్ కింద కోసెయ్యండి, లేకపోతే బాస్ బురదవుతుంది. గమకాలు, ఊపు తగ్గించి నిటారుగా పాడాలి. కర్ణాటక శిక్షణ ఉన్నవాళ్లకు ఇదే కష్టం, ప్రతి దీర్ఘస్వరాన్నీ కదిపేస్తారు. అదే గొంతుతో రెండు మూడు పొరలు వెనక కలపండి. యమషిత 1980లో ‘ఆన్ ద స్ట్రీట్ కార్నర్’ ఆల్బమ్‌లో వెనక గొంతులన్నీ తానే పాడి పేర్చాడు.

టేపు ఛాయ తప్పనిసరి అనుకుంటే వావ్ అండ్ ఫ్లట్టర్ (టేపు వేగం ఊగడంతో వచ్చే వణుకు) మోతాదు చూసుకోండి. ఆనాటి మంచి క్యాసెట్ డెక్‌లలో అది 0.05 నుంచి 0.1 శాతం. ప్లగిన్‌ల ప్రీసెట్లు దానికి ఎన్నో రెట్లు ఇస్తాయి. రోడ్స్ మీద అది వెంటనే శ్రుతి తప్పినట్టు పట్టిస్తుంది. చివర్లో కోరస్‌ను అర స్వరం పైకెత్తి, 20-25 సెకన్ల ఫేడ్‌తో వదిలెయ్యడం ఆనాటి మామూలు పద్ధతి. పైన చెప్పిన వరుసకు ముగింపు కార్డు లేదు కాబట్టి బలవంతంగా సి మేజర్ మీద ఆపితే అతుకు కనిపిస్తుంది.

ఈ పాటలనే నెమ్మది చేసి రివర్బ్ కలిపిన వెర్షన్లు వినొచ్చా అనీ కొందరు అడుగుతారు. వినండి, కానీ వాటినుంచి నేర్చుకోకండి. వేగం 0.8కి తగ్గిస్తే శ్రుతి దాదాపు నాలుగు అర స్వరాలు కిందికి పోతుంది, 103 టెంపో 82 అవుతుంది. తకేఉచి గొంతు మామూలుగానే కిందిస్థాయిది, ఇంకా దించితే మగగొంతులా ఉంటుంది. హై-హ్యాట్‌లో ఉన్న తొందర పోతుంది. ఆ తొందరకు, దిగులుకు మధ్య పోటీయే పాట, ఒకదాన్ని తీసేస్తే మిగిలేది ఉత్త దిగులు. యూట్యూబ్‌లోని పాత అప్‌లోడ్లలో కొన్నిటిని కాపీరైట్ పసిగట్టకుండా కాస్త వేగం పెంచి పెట్టారు. కార్డులు చెవితో పట్టుకుంటుంటే మీ కీబోర్డు శ్రుతికీ పాటకూ మధ్య ఇరుక్కున్నట్టు అనిపిస్తే మీ చెవిని అనుమానించకముందు అప్‌లోడ్‌ను అనుమానించండి.

ఏది ముందు వినాలంటే ‘సన్‌షవర్’, ‘ఎ లాంగ్ వెకేషన్’, ‘వెరైటీ’, ఆ వరుసలో, పాటలు కాదు, పూర్తి ఆల్బమ్‌లు. అన్రి ‘టైమ్లీ’ని తొషికి కదొమత్సు నిర్మించాడు. అది నచ్చితే అతని ‘ఆఫ్టర్ 5 క్లాష్’ (1984)కు వెళ్లండి, కొంచెం మెరుగు ఎక్కువే పెట్టాడు గానీ బాస్ కోసం వినాలి. ద వీకెండ్ అనే గాయకుడి ‘అవుట్ ఆఫ్ టైమ్’ మీకు తెలిసే ఉంటుంది. అందులో వాడుకున్నది తొమొకో అరన్ 1983 పాట ‘మిడ్‌నైట్ ప్రిటెండర్స్’, దాన్ని మూలంలో విని రెండూ పక్కపక్కన పెట్టుకుంటే బాస్ ఎలా తిరుగుతుందో తెలుస్తుంది. యమషిత తన ప్రధాన ఆల్బమ్‌లను స్ట్రీమింగ్‌కు ఇవ్వలేదు. ‘ఫర్ యూ’ మీకు ఆప్‌లో దొరక్కపోతే అది మీ దేశం సమస్య కాదు. 2023 మే నుంచి ఆ కాలపు ఆల్బమ్‌లు ఎల్‌పీగా, క్యాసెట్‌గా మళ్లీ అచ్చయ్యాయి, సీడీ అయితే జపాన్ పాతసరుకు దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది. ఎల్‌పీ కొంటే 1982 నాటి తొలి అచ్చు కోసం చేతిచమురు వదిలించుకోనక్కర్లేదు, 2023 అచ్చు చాలు.